30 కుట్లు 41 ఎలా అయ్యాయి

నేను ఊలుతో అల్లిన మొదటి స్కార్ఫ్ జానెడు వెడల్పుతో మొదలై, మూరెడు పొడవు వచ్చేసరికి లంగాలా విచ్చుకుంది. సూది మీదికి ఎక్కించింది 30 కుట్లు. లెక్కపెడితే 41! నేనేమీ పెంచలేదు, ఒట్టు.

పోనీ కష్టమైన అల్లికా అంటే అదీ కాదు. గార్టర్ స్టిచ్. అటు వరసా, ఇటు వరసా ఒకటే నిట్ కుట్టు (మామూలు కుట్టు), పర్ల్ (దాన్నే తిరగేసిన కుట్టు) జోలికి పోనక్కర్లేదు. రెండు వరసలు అల్లితే ఒక గట్టు తేలుతుంది. అంచులు చుట్టుకుపోవు కాబట్టి కొత్తవాళ్లకు ఇదే మంచిదన్నారు. నేను చేసిన తెలివితక్కువ పనల్లా ముదురు నీలం రంగులో, నూగు నూగుగా ఉన్న ఊలు కొనడం. చూడ్డానికి భలే ఉంది కానీ, అందులో ఏది కుట్టో ఏది నూగో కనపడి చస్తే కదా!

చివరికి పిన్నికి వీడియో కాల్ చేసి, అల్లుతూ చూపించాను. వరస తిప్పి, మొదటి కుట్టులో సూది గుచ్చానో లేదో, "ఆగు ఆగు! దారాన్ని సూది మీంచి వెనక్కి లాగుతున్నావేంటే? కిందనుంచి పోనీ" అంది.

అదీ సంగతి. దారం సూది మీదుగా వెనక్కి వెళ్తే కింద ఉండాల్సిన మొదటి కుట్టు పైకి లేస్తుంది. దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనిపిస్తాయి. నేను బుద్ధిగా రెండూ అల్లేస్తున్నాను. అందుకే ఎక్కడా చిల్లు లేకుండా అంచుల్లో వెడల్పు పెరిగింది. మధ్యలో చిల్లులు పడుతూ పెరిగితే అది వేరే తప్పు: కుట్టుకీ కుట్టుకీ మధ్య దారం ముందుకొచ్చి, సూది మీద అదనంగా ఒక చుట్టు పడుతోందన్నమాట.

మొత్తం విప్పేశాను. ఏడుపొచ్చింది, దాచడమెందుకు. ఈసారి నున్నటి లేత పసుపు ఊలు, మధ్యరకం మందం, 5.5 మిల్లీమీటర్ల చెక్క సూదులు. 15 కుట్ల దగ్గర సూదికి ఒక రంగుదారం ఉచ్చు తగిలించాను. ప్రతి వరస చివరా లెక్కపెట్టాలంటే విసుగే కానీ, తేడా వస్తే ఏ సగంలో వచ్చిందో వెంటనే తెలిసిపోతుంది.

ఇక టెన్షన్! ఊలుదా, నాదా అని అడక్కండి. కుట్టు జారిపోతుందన్న భయంతో ప్రతిదాన్నీ బిగించేదాన్ని. అల్లేది సూది మొనల సన్నటి భాగం మీద కాబట్టి, ఆ కుట్లు వెనక లావు భాగం మీదికి జరగమంటే జరగవు. లావు దాకా తోసి అల్లడం అలవాటయ్యాకే వేళ్ల నొప్పి తగ్గింది.

150 సెంటీమీటర్లు వచ్చాక ముగించాను. ముగింపు వరసకి కాస్త లావు సూది వాడమని పిన్ని చెప్పనే చెప్పింది. తొందరలో మర్చిపోయాను. దాంతో ఆ చివర మొదటిదానికన్నా వేలెడు ఇరుకు. చుట్టుకునేటప్పుడు దాన్ని లోపలికి దోపేస్తున్నా.