గుండెల్లో నొప్పి అంటే ఎక్కడ?

మాది కావలి. చెన్నైకి వచ్చి ఏడేళ్లయింది, ట్రామా వార్డులో స్టాఫ్ నర్సుని. తడ, సూళ్లూరుపేట వైపు హైవే మీద దెబ్బలు తగిలి ఎవరొచ్చినా భాష కోసం నన్నే పిలుస్తారు.

మొన్న వచ్చినాయన వ్యాను డ్రైవరు. ముందున్న లారీని గుద్దినప్పుడు స్టీరింగ్ రొమ్ముకి బలంగా తగిలింది. ఎదుటినుంచి తీసిన ఎక్స్‌రేలో ఏమీ తెలియలేదు, పక్కనుంచి తీస్తే రొమ్ము ఎముక విరిగినట్టు కనబడింది. గుండెల్లో నొప్పి అంటాడు, మన భాషలో రొమ్మునీ గుండెలే అంటాం కదా, నేను మక్కీకి మక్కీ తమిళంలో చెప్తే డాక్టరుకి ఏం అర్థమవుతుంది? "అన్నా, ఒక్క వేలితో చూపించు" అన్నాను. సరిగ్గా ఎముక మీదే పెట్టాడు.

వాళ్లావిడకి ఒకటే టెన్షన్. "ఎముక విరిగితే కట్టు కట్టకుండా గుండె మిషన్ పెట్టారేంటి సిస్టరమ్మా?" ఆ ఎముక వెనకే గుండె ఉంటుంది అక్కా, దానికీ దెబ్బ తగిలిందేమో చూడాలి అని చెప్పాను. ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె కండరానికి దెబ్బ తగిలిందో లేదో చెప్పే రక్త పరీక్ష) రెండూ నార్మల్‌గా ఉండి వేరే దెబ్బలేమీ లేకపోతే చాలామందిని నొప్పి మాత్రలిచ్చి ఇంటికే పంపిస్తారు. ఈయన ఈసీజీలో మధ్యమధ్యలో అదనపు బీట్లు కనిపించాయి, అందుకే కనీసం 24 గంటలు మానిటర్ మీద ఉంచారు.

రాత్రి రెండింటికి ఆ బీట్లు ఎక్కువయ్యాయి. బీపీ బాగానే ఉంది, అయినా డ్యూటీ డాక్టర్ని లేపాను. మళ్లీ ఈసీజీ, పొటాషియం, రెండోసారి ట్రోపోనిన్. రక్తం రిపోర్టులు బాగానే వచ్చాయి, తెల్లారేసరికి బీట్లూ తగ్గాయి. ఆ రాత్రంతా నా కళ్లు ఆ పచ్చ గీత మీదే.

ఆయన మాత్రం నొప్పికి భయపడి పైపైనే ఊపిరి తీస్తున్నాడు, దగ్గు వస్తే బిగబట్టేస్తున్నాడు. నాకు అసలు బెంగ అక్కడే. కఫం లోపలే ఉండిపోతే న్యుమోనియా వస్తుంది. నొప్పి ఓర్చుకోవడం మగతనం కాదన్నా, అడిగి మందు వేయించుకో అని గట్టిగానే చెప్పాను. ఇంజెక్షన్ పనిచేశాక దిండు రొమ్ముకి హత్తుకుని దగ్గించాను, ఊపిరి వ్యాయామానికి వాడే మూడు బంతుల డబ్బా చేతికిచ్చి మెల్లగా లోపలికి పీల్చమన్నాను. మొదటిరోజు ఒక్క బంతే కదిలింది. పక్క మంచం తమిళ పెద్దాయన కూడా "మూచ్చు ఇళుప్పా" (ఊపిరి పీల్చు నాయనా) అంటూ హుషారు చేశాడు.

ఇంటికెళ్లే రోజుకి రెండు బంతులు లేచాయి. ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అందాకా బరువులెత్తొద్దని చెప్పి, ఆ డబ్బా కూడా వాళ్లావిడ సంచీలో పెట్టాను.