గోటి మీద నీటి బొట్టు

పచ్చి బియ్యం తింటే పెళ్లిలో వాన పడుతుందనేది మా అమ్మమ్మ. నా పెళ్లయి పదహారేళ్లు. ఇక ఏ వానా పడదన్న ధీమాతోనేమో, పోయినేడు మళ్లీ బియ్యం బొక్కడం మొదలుపెట్టాను. ఎసట్లో పోయడానికి కొలిచినప్పుడల్లా ఓ గుప్పెడు నోట్లోకి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెప్పుకున్నది ఆయాసం గురించే. మా స్టాఫ్‌రూమ్ మూడో అంతస్తులో. రెండో అంతస్తులో ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేదాన్ని. ఒక క్లినిక్‌లో టెన్షన్ అన్నారు, బీకాంప్లెక్స్ రాశారు. నా మొహం వైపు చూసినట్టు కూడా గుర్తులేదు.

తర్వాత చెల్లి తీసుకెళ్లిన డాక్టరమ్మ ముందు నన్ను కిటికీ దగ్గరికి జరగమన్నారు. పగటి వెలుతురులో అయితే రంగు బాగా తెలుస్తుందట. కింది రెప్ప లాగి చూశారు. అరచేతిని తన అరచేతి పక్కన పెట్టుకున్నారు. నాది సున్నం కొట్టినట్టుంది. నాలుక చాపమన్నారు. "నున్నబడిపోయింది. కారం తగిలితే మంటా?" ఆవకాయ మానేసి రెండు నెలలైందని అప్పుడు గుర్తొచ్చింది. నోటి మూలల్లో పగుళ్లేమో చలికి అనుకున్నాను.

ఆ తర్వాత సిరంజితో నా బొటనవేలి గోటి మీద ఒక్క నీటి బొట్టు వేశారు. జారలేదు. గోరు మధ్యలో గుంటపడి, చెంచాలా దాన్ని పట్టుకుని కూర్చుంది. చెల్లి తన గోటి మీదా వేయించుకుంది. టక్కున జారిపోయింది.

స్టెత్ పెట్టి చాలాసేపు విన్నారు. నాకు గుండె జారింది. రక్తం పలచబడి జోరుగా పారితే అలా చిన్న శబ్దం వస్తుందని, హిమోగ్లోబిన్ పెరిగాక మళ్లీ వింటానని అన్నారు. పొట్ట నొక్కి ప్లీహం చూశారు, పాదాల్లో వాపు చూశారు. చివర్న అడిగారు: "బియ్యమా, బలపాలా, ఐసా?"

తింటున్నారా అని కాదు, ఏది తింటున్నారని!

"బియ్యమండీ" అన్నాను. చెల్లి నోరు తెరిచింది.

"ఇవన్నీ ఐరన్ లోపంతో రక్తహీనతేమోనన్న అనుమానాలే, తేల్చేది రక్తపరీక్ష" అన్నారావిడ. హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది, నాకు కనీసం 12 ఉండాలి. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 5, బాగా తక్కువ. నెలసరి తొమ్మిదేసి రోజులు ఎందుకు సాగుతోందో స్కాన్‌లో తెలిసింది, ఫైబ్రాయిడ్, అంటే గర్భసంచిలో గడ్డ. రక్తం పోయింది అలాగే.

ఐరన్ మాత్రలతో మలం నల్లగా, మలబద్ధకం బోనస్‌గా. మాత్ర దగ్గర్లో టీ వద్దన్నారు. అదే అన్నిటికన్నా కష్టం. బియ్యం మీద యావ మాత్రం రెండు వారాల్లో పోయింది. నాలుగో నెలకి హిమోగ్లోబిన్ 12.1. ఆ గుండె శబ్దమూ లేదు. ఐరన్ నిల్వలు నిండాలని మాత్రలు ఇంకో మూడు నెలలు పొడిగించారు.

గోళ్లు మొదళ్ల దగ్గర చదునుగా వస్తున్నాయి, చివర్లింకా గుంటే. ఫైబ్రాయిడ్‌కి వచ్చే నెల మళ్లీ స్కాన్.