రౌతు మెత్తనైతే...

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో కుంటుతుందని సామెత. మన స్వారీ బడిలో ఈ సామెతను సగమే ఒప్పుకునేవారు. నడుము, తొడలు, చీలమండ అన్నీ మెత్తగానే ఉండాలనేవారు. మెత్తబడకూడనిది గుర్రాన్ని అడిగిన మాట ఒక్కటే. మన బడి జ్ఞాపకాల ఈ సంచికకు ఫొటోలూ ముచ్చట్లూ ఎలాగూ చాలామంది పంపుతారు. అందుకే మనకు నేర్పిన పద్ధతేమిటో, అది అలా ఎందుకుందో రాసిపెడుతున్నాను.

మొదట్లో పగ్గాలు ఇచ్చేవారు కాదు. పాదాలు పెట్టుకునే రికాబులు కూడా జీను మీదుగా అడ్డంగా వేసేసేవారు. గురువు మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని సుమారు 20 మీటర్ల అడ్డకొలత ఉన్న వలయంలో తిప్పేవారు. వలయం అంతకన్నా బాగా చిన్నదైతే గుర్రం లోపలి కాలి కీళ్ల మీద భారం పడుతుంది, రౌతేమో బయటి పక్కకు జారిపోతాడు. పాఠం 20 నుంచి 30 నిమిషాలు, సగంలో దిశ మార్పు. అంతకు మించి సాగితే అలసిన తొడలు జీనును పట్టేసుకుంటాయి. ఇక అక్కడి నుంచి నేర్చుకునేదంతా తప్పుడు అలవాటే.

బయటి చేయి జీను ముందు అంచు మీద, లోపలి చేయి వెనక అంచు మీద. ఇలా పట్టుకుంటే భుజాలు వాటంతటవే వలయం వైపు తిరుగుతాయి. ఆ తర్వాత కాలును తుంటి దగ్గర నుంచి జీనుకు దూరంగా ఎత్తి, తొడను లోపలికి తిప్పి, తొడ కండ వెనక్కి పోయేలా మళ్లీ ఆనించడం. చూడ్డానికి చిన్న పనే గానీ మోకాలు జీనుకు చదునుగా ఆనేది దీనివల్లే. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీతలో ఉండాలి. కుర్చీలో కూర్చున్నట్టు కాదు, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడినట్టు కూర్చోమని గ్రీకు సేనాని జెనొఫోన్ దాదాపు 2400 ఏళ్ల కిందటే చెప్పాడు. అప్పటికి రికాబులే లేవు!

“మడమ కిందికి” అనే కేక చాలా చోట్ల వినిపిస్తుంది. మన దగ్గర అది దాదాపు నిషిద్ధం. మడమను బలవంతంగా నొక్కితే చీలమండ బిగుస్తుంది, దాంతో మోకాలు బిగుస్తుంది. ఇక తొడలు బట్టల క్లిప్పులా మూసుకుని రౌతును జీను నుంచి పైకి తోసేస్తాయి. ట్రాట్‌లో (నడక కన్నా వేగమైన కుదుపు పరుగులో) ఎగిరెగిరి పడేవాళ్లలో చాలామంది జబ్బు ఇదే. మడమ బరువుకు తానే దిగాలి. రికాబులు ఇచ్చే రోజున కూడా కొలత అదే: కాలు వదులుగా వేలాడేసినప్పుడు రికాబు అడుగు చీలమండ ఎముకకు తగలాలి.

అన్నిటికన్నా విలువైన పాఠం నడకలోనే జరిగేది. కళ్లు మూసుకుని, గుర్రం వెనక కాళ్లలో ఏది లేస్తోందో పైకి చెప్పాలి: “ఎడమ... కుడి... ఎడమ...” ఎడమ వెనక కాలు గాలిలోకి లేచి ముందుకు వస్తున్నప్పుడు గుర్రం పొట్ట కుడివైపు ఊగుతుంది, మన ఎడమ పిర్ర కింది ఎముక కాస్త దిగుతుంది. అది తెలియడానికి కొందరికి వారాలు పట్టేది. ఇది తెలియనిదే పిక్కతో గుర్రం పక్కను తాకి చెప్పే మాటకు అర్థం లేదు. కాలు నేల వదులుతున్న క్షణంలో అడిగితేనే గుర్రం దాన్ని ఇంకాస్త తన ఒంటి కిందికి వేయగలదు. నేల మీద ఆనిన కాలిని అడిగితే అదేం చేస్తుంది పాపం.

పగ్గాలు చివరికి ఎందుకంటే, ట్రాట్‌లో గుర్రం తల దాదాపు కదలదు, కదిలేది రౌతు ఒళ్లే. కుదురు లేనివాడి చేతులు ఒంటితో పాటు ఎగిరి కళ్లెంలోని ఇనుమును నోట్లో కొడతాయి. నడకలో, కాంటర్‌లో (ట్రాట్ కన్నా వేగమైన పరుగులో) తల ఊగుతుంది కాబట్టి మోచేయి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి. పగ్గం చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మధ్య నుంచి వచ్చి బొటనవేలి కింద ఆగుతుంది. ఆపమని అడగడమంటే ఊపిరి వదులుతూ వెన్ను నిటారు చేసి ఉంగరపు వేలు బిగించడం, వెంటనే వదలడం. ఆ వదలడం మరిచిపోతే గుర్రం కళ్లెం మీద వాలడం నేర్చుకుంటుంది.

1735లో కట్టడం పూర్తయిన ఆస్ట్రియాలోని ప్రసిద్ధ వియన్నా స్వారీశాలలో ఇప్పటికీ కొత్తవాళ్లను ముందు ఇలా తాడుతో తిప్పే గుర్రం మీదే కూర్చోబెడతారు. వాళ్లకు అనుభవమున్న ముసలి గుర్రాలు నేర్పుతాయి, పిల్ల గుర్రాలకు ఆరితేరిన రౌతులు నేర్పుతారు. ఇద్దరూ కొత్తవాళ్లయితే ఇద్దరికీ భయమే మిగులుతుంది.

పాఠం ఎలా జరిగిందో చివర్లో గుర్రమే చెప్పేది. పగ్గాలను వేళ్ల మధ్య నుంచి కొద్దికొద్దిగా జారనిస్తే, దవడ ఆడిస్తూ మెడ ముందుకూ కిందికీ చాచిందా, సరే. తల విదిలించి పైకెత్తిందా, వెన్ను బిగుసుకుపోయిందని లెక్క. అప్పుడు మార్కులు రౌతుకే తగ్గేవి. ఆ తర్వాత దిగి, జీనును బిగించే పొట్టపట్టీ ఒక రంధ్రం వదులు చేసి, ఊపిరి నెమ్మదించేదాకా పక్కన నడిపించడం.