నిన్న కాలిపోయాడు, ఇవాళ ఆడుకుంటున్నాడు

విశాఖలో మధురవాడ, కొమ్మాది వైపు కడుతున్న అపార్ట్‌మెంట్లలో ఏజెన్సీ మన్యం నుంచి పనికొచ్చిన కుటుంబాలుంటాయి. అక్కడ జ్వరం పిల్లల్ని పరీక్ష దాకా తీసుకెళ్లే పనిలో నా మొదటి ప్రశ్న "ఈమధ్య ఊరెళ్లొచ్చారా అమ్మా?" ముంచంగిపుట్టో హుకుంపేటో వెళ్లొచ్చిన పది, పదిహేను రోజులకు జ్వరం తగిలిందంటే మలేరియా పరీక్ష చేయించాల్సిందే.

ఆలస్యమంతా జ్వరం దిగిన రోజునే జరుగుతుంది. మలేరియాలో ఒక రకమైన వైవాక్స్ జ్వరం తరచూ రోజు విడిచి రోజు వస్తుంది. "నిన్న కాలిపోయాడమ్మా, ఇవాళ సుబ్బరంగా ఆడుకుంటున్నాడు" అంటుంది తల్లి. ఆడుకుంటున్నవాణ్ణి ఎత్తుకుని, కూలి మానుకుని ఆస్పత్రికి ఎవరెళ్తారు? మర్నాడు మళ్లీ కాలితే వీధి చివర ఆర్ఎంపీ దగ్గర ఒక సూది, ఒక పారాసిటమాల్ సిరప్. చెమట పట్టి దిగుతుంది. సూది పనిచేసిందనుకుంటారు గానీ, అది దిగాల్సిన వేళకే దిగింది. పైగా చిన్నపిల్లల్లో వణుకు కనిపించకపోవచ్చు. వాంతులు, విరేచనాలు, పాలు ముట్టకపోవడం చూసి పళ్లొస్తున్నాయనో దిష్టనో అత్తగారు తేల్చేస్తారు. ఆవిడా, మొగుడూ ఊ అనందే కోడలు గడప దాటదు. ఇంకో రకం, ప్రమాదకరమైన ఫాల్సిపారం ఇంత తీరిక ఇవ్వదు, ఒకటి రెండు రోజుల్లోనే ఫిట్స్ దాకా పోవచ్చు.

పరీక్షకు వేలి కొనన ఒక్క చుక్క రక్తం చాలు, చంటిపిల్లలకైతే మడమలో గుచ్చుతారు. కిట్‌లో రక్తం, తర్వాత దాంతో వచ్చే బఫర్ ద్రవం చుక్కలు వేసి, ఆ కిట్ కాగితంలో రాసిన టైము ఆగాలి. మామూలుగా 15 నుంచి 20 నిమిషాలు. కిట్ సరిగ్గా పనిచేసిందని చెప్పే సి గీత పడకపోతే ఆ కిట్ పారేసి ఇంకోటి తీయాలి. సర్కారు ఆస్పత్రిలో పరీక్షా మందులూ ఉచితమే. నెగెటివ్ అనగానే చాలామంది ఇంటిదారి పడతారు. క్రిములు తక్కువగా ఉంటే తొలి పరీక్షకు చిక్కవు. జ్వరం ఆగకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి. మధ్యలో ఎవరో ఇచ్చిన సగం మాత్రలు వేసుంటే మైక్రోస్కోప్ కింద చూసే రక్తపు స్లైడ్‌లోనూ దొరక్కపోవచ్చు.

వైవాక్స్ అయితే ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలకు క్లోరోక్విన్ 150 మి.గ్రా. మాత్ర మొదటి రెండు రోజులు ఒక్కొక్కటి, మూడో రోజు సగం. ఒట్టి చేదు. ఏదైనా తినిపించాక పొడి చేసి పంచదార నీళ్లలో చెంచాతో పట్టాలి. అరగంటలోపు కక్కేస్తే మళ్లీ అంతా వేయాలి, అందుకే మొదటి మోతాదు నా ఎదుటే వేయించి కూర్చోబెడతాను. అసలు చిక్కు కాలేయంలోని క్రిమిని చంపే ప్రైమాక్విన్‌తో. ఆ వయసుకు 2.5 మి.గ్రా. మాత్ర రోజుకొకటి, 14 రోజులు. జ్వరం పోయిందని నాలుగో రోజుకే ఆపేస్తారు. కాలేయంలో దాక్కున్న క్రిమి వారాలకో నెలలకో లేస్తే, పాపం దోమ మీద నేరం మోపుతారు. ఏడాదిలోపు పిల్లలకు ఇది ఇవ్వరు. మూత్రం డికాషన్ రంగులో వస్తే వెంటనే ఆపి డాక్టరుకు చూపించాలి, ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉండొచ్చు.

ఫాల్సిపారానికి ఇచ్చే ఏసీటీ (ఆర్టిమిసినిన్ కలిసిన మందుల జోడీ) ప్యాకెట్ వయసును బట్టి రంగు మారుతుంది. ఏడాది నుంచి నాలుగేళ్లకు పసుపు, ఐదు నుంచి ఎనిమిదికి ఆకుపచ్చ. అన్న మిగిల్చిన మాత్రలు చెల్లికి వేయకూడదు.

పిల్లాడు పాలు తాగలేకపోయినా, ఫిట్స్ వచ్చినా, లేపినా కళ్లు తెరవకపోయినా, అరచేతులు తెల్లగా పాలిపోయినా 108కి ఫోన్ చేసి నేరుగా కేజీహెచ్‌కే, అంటే కింగ్ జార్జ్ పెద్దాసుపత్రికే. ఏ మాత్ర ఎప్పుడు వేశారో రాసిన చీటీ, ఖాళీ ప్యాకెట్ వెంట ఉండాలి. కంగారులో ఎక్కువగా ఇంట్లో మర్చిపోయేది అవే.