మద్రాసు యూదుల సమాధులు, ఐషిషోక్ ఫొటోలు

అవ్వై షణ్ముగం సాలై అని బోర్డు మీద ఉన్నా చెన్నైలో ఇప్పటికీ అందరూ లాయిడ్స్ రోడ్డు అనే పిలిచే వీధిలో చిన్న యూదుల శ్మశానం ఒకటి ఉంది. అందులోని పాత సమాధి రాళ్లు మొదటినుంచీ అక్కడ ఉన్నవి కావు. 17వ శతాబ్దిలో పెద్దనాయకన్‌పేటలో, మింట్ స్ట్రీట్ ప్రాంతంలో వెలసిన శ్మశానం స్థలం నగరానికి కావలసి వచ్చాక, ఆ రాళ్లు ఒకటికి రెండు చోట్లు మారి ఇక్కడికి చేరాయి. అంటే ఈ రాయి కింద ఆ మనిషి లేడు. పేరు ఒక చోట, అస్థికలు మరొక చోట. కెమెరాతో అక్కడికి వెళ్లే నాలాంటివాడు ముందు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇదేనని నా అభిప్రాయం.

ఆ పేర్లవాళ్లు మన తెలుగు నేలతో లావాదేవీలు నడిపినవారు. లండన్, ఇటలీలోని లివోర్నో రేవుల నుంచి మధ్యధరా సముద్రపు పగడాలు తెప్పించి ఇక్కడ అమ్మడం, ఇక్కడి నుంచి గోల్కొండ వజ్రాలు కొని ఐరోపాకు పంపడం వారి ప్రధాన వ్యాపారం. పోర్చుగీసు యూదు వర్తకుడు జాక్ ద పైవా స్వయంగా గోల్కొండ గనుల దాకా వెళ్లివచ్చి, 1687లో మద్రాసులో కన్నుమూశాడు. 1688లో మద్రాసు కార్పొరేషన్ ఏర్పడినప్పుడు దాని ఆల్డర్మన్లలో, అంటే నగర పాలక సభ్యులలో, యూదు వర్తకులకూ చోటు దక్కింది. జార్జిటౌన్‌లో కోరల్ మర్చంట్ స్ట్రీట్ ఆ వ్యాపారపు పేరుతోనే నేటికీ ఉంది. మన పెళ్లిళ్లలో నల్లపూసల నడుమ గుచ్చే పగడాలను చూసినప్పుడల్లా, వాటిలో ఏదో ఒకటి ఆ వీధి గుండా వచ్చి ఉండవచ్చునని నాకు అనిపిస్తుంది. వజ్రాలు తవ్విన కొల్లూరు మాత్రం పులిచింతల జలాశయపు నీళ్ల కింద ఉంది.

మద్రాసు యూదులను ఎవరూ చంపలేదు, తరిమివేయలేదు. 1720ల తరువాత బ్రెజిల్ వజ్రాలు ఐరోపా బజారును ముంచెత్తాయి, గోల్కొండ గనులు వట్టిపోతూ వచ్చాయి, వ్యాపారం సన్నగిల్లిన కొద్దీ వర్తకులూ పలచబడ్డారు. ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడైంది 1839లో. అప్పటికి వారి మంచి రోజులు గడిచిపోయి చాలా కాలమైంది. కాబట్టి పైవా తరం వర్తకుల ముఖం ఒక్కటి కూడా ఏ ఫొటోలోనూ లేదు. మనం తీయగలిగినది రాతినీ, వీధినీ మాత్రమే.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఊరు లిథువేనియాలోని ఐషిషోక్. దాదాపు తొమ్మిది వందల ఏళ్లపాటు యూదులు కాపురమున్న ఆ ఊరిలో, 1941 సెప్టెంబరులో, రెండు రోజుల్లో, నాజీ హంతక దళమూ దానికి తోడైన స్థానికులూ కలిసి ఊరివారినీ చుట్టుపక్కల పల్లెలవారినీ దాదాపు 3,500 మందిని కాల్చి చంపారు. పసితనంలో అక్కడి నుంచి బతికి బయటపడిన యాఫా ఎలియాక్ పెద్దయ్యాక చరిత్రకారిణి అయి, ఆ ఊరివాళ్ల బంధువులు దేశదేశాల్లో ఎక్కడ ఉంటే అక్కడికి వెళ్లి వేల ఫొటోలు పోగుచేసింది. వాటిలో చాలా భాగం తీసింది ఊళ్లో స్టూడియో నడిపిన ఆమె తాతా, అమ్మమ్మే. 1993లో వాషింగ్టన్‌లో ప్రారంభమైన హోలోకాస్ట్ (నాజీలు జరిపిన యూదుల సామూహిక హత్యాకాండ) మ్యూజియంలో, పైకి పోనుపోను ఇరుకయ్యే మూడంతస్తుల గోపురానికి లోపలి గోడల నిండా ఆ ఫొటోలు దాదాపు వెయ్యి అమర్చారు. సందర్శకులు వంతెన మీదుగా దాని నడుమ నుంచి నడిచిపోతారు.

ఆ ఫొటోల్లో ఏ ఒక్కటీ స్మారకం కోసం తీసినది కాదు. పెళ్లి ఫొటోలు, బడిపిల్లల వరుసలు, షికారుకు వెళ్లిన స్నేహితులు, కొత్త సంవత్సరానికి అమెరికాలో ఉన్న అన్నకో మేనమామకో పంపిన గ్రీటింగ్ ఫొటోలు. వాటిలో చాలా వరకు పోస్టులో సముద్రం దాటి ఉండబట్టే మిగిలాయి. జుట్టు నున్నగా దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు తొడుక్కుని, తమను తాము ఎలా చూపించుకోవాలనుకున్నారో అలాగే కూర్చున్న మనుషులు వాళ్లు. ఆ గౌరవం తరువాత ఎవరో వచ్చి ఇచ్చినది కాదు, ఆ రోజు స్టూడియోలో వాళ్లంతట వాళ్లు తీసుకున్నది.

ఈ కారణం చేతనే రోమన్ విష్నియాక్ ఫొటోలను నేను కొంచెం జాగ్రత్తగా చూస్తాను. 1930లలో తూర్పు ఐరోపా యూదు వాడల్లో ఆయన తీసిన చిత్రాలు అపురూపమైనవే, సందేహం లేదు. అయితే అవి ఒక సహాయ సంస్థ చందాల కోసం తీయించినవి కాబట్టి పేదరికమూ భక్తీ వాటిలో ముందుకు వచ్చాయి. ఆయన మిగతా నెగటివ్‌లు బయటపడ్డాక, అదే లోకంలో చదువుకున్నవాళ్లూ షోకైనవాళ్లూ ఉల్లాసంగా తిరిగినవాళ్లూ ఉన్నారని తేలింది. పోయినవారిని పోయేవారిలాగే చూపించడం కెమెరాకు సులువు. నలుపుతెలుపుల్లో తీసి, నాచు పట్టిన రాతి అంచు మీద ఫోకస్ పెట్టి, వెనుక ఆకాశాన్ని కాస్త చీకటి చేస్తే ఎవరి సమాధి అయినా ఒకేలా విషాదంగా కనిపిస్తుంది. మద్రాసు రాళ్లను అలా తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో కొన్ని చూశాను. అందంగా ఉన్నాయి కానీ వాటిలో ఒక్క అక్షరమూ చదవడానికి రాదు. వ్యాపారం తగ్గి వెళ్లిపోయినవారినీ, గుంట అంచున నిలబెట్టి చంపబడినవారినీ ఒకే రంగులో ముంచడం ఇద్దరికీ అన్యాయమే.

నా దృష్టిలో సమాధి రాతి ఫొటోకు మొదటి పని చదవడానికి వీలుగా ఉండటం. చెన్నై మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా పైనుంచి పడి, పడుకోబెట్టిన రాతి మీద అరిగిన హీబ్రూ అక్షరాలను పూర్తిగా చదును చేసేస్తుంది. ఉదయం ఎండ వాలుగా ఉన్నప్పుడు అదే రాయిలో ప్రతి గీతకూ ఒక పక్క సన్నని నీడ పడి, లేదనుకున్న అక్షరం లేచి నిలుస్తుంది. మబ్బు పట్టిన రోజున టార్చిలైటును రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వేసినా సరిపోతుంది. అక్షరాల్లో సుద్దపొడి రుద్దడం, తడిపి గీకడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఒక ఫొటో కోసం రాతికి నష్టం తేవడం అవుతుంది. మొత్తం రాయి ఒకసారి, పక్కన స్కేలు పెట్టి. ఆ తరువాత ఒక దాని అంచు మరొక దానిలోకి వచ్చేలా ముక్కలు ముక్కలుగా. కళ అనిపించుకోదు, నిజమే. హీబ్రూ, పోర్చుగీసు వచ్చినవారు ఎక్కడో కూర్చుని చదవడానికి ఇది చాలు.

మరొక మాట. 'దక్షిణాదిలో యూదులు అంతరించారు' అని వ్యాఖ్యలు రాసే మిత్రులు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము యూదులమని చెప్పుకుంటూ, తెలుగు మాట్లాడుతూ బతుకుతున్న బెనె ఎఫ్రాయిం కుటుంబాలను మరచిపోతున్నారు. వారి వంశమూలాల గురించి వాదాలు ఉన్నాయి. అవి ఎలా ఉన్నా, వాళ్లను ఫొటో తీయాలంటే అడిగి, కూర్చోబెట్టి, వాళ్లకు నచ్చిన బట్టల్లో తీసి, ఒక ప్రింటు వాళ్ల ఇంట్లో ఇచ్చి రావచ్చు.

కోరల్ మర్చంట్ స్ట్రీట్‌ను నేను ఇప్పుడున్నట్టే, రంగుల్లో, తోపుడు బళ్లతో, కరెంటు తీగలతో తీస్తున్నాను. ఫొటో కింద 'ఆనవాలు లేదు' అని రాయను. ఎవరు, ఏ కాలంలో, ఇక్కడ ఏమి అమ్మి ఏమి కొన్నారో, వారి సమాధి రాళ్లు ఇప్పుడు నగరంలో ఎక్కడ ఉన్నాయో రాస్తాను.