తలుపుల చాటు దాంపత్యం

యుద్ధానంతర బ్రిటన్‌లో కొద్దిపాటి ఖర్చుతో తీసిన దాంపత్య ప్రహసనాలను విమర్శకులు సాధారణంగా చులకన చేస్తారు. నాకు మాత్రం అవి ఆనాటి చట్టానికి అద్దం పట్టినట్లు తోస్తాయి. 1953లో మారిస్ ఎల్వీ దర్శకత్వంలో వచ్చిన ‘ఈజ్ యువర్ హనీమూన్ రియల్లీ నెసెసరీ?’నే తీసుకుందాం. రెండవ భార్యతో కాపురానికి దిగిన అమెరికన్ అధికారి ఎదుట మొదటి భార్య (డయానా డోర్స్) ప్రత్యక్షమై, తమ విడాకులు చెల్లవని చెబుతుంది. కొత్త భార్యకు అనుమానం రాకుండా, ఆ మొదటి భార్యను తన లాయరు మిత్రుడి (డేవిడ్ టామ్లిన్సన్) ఇల్లాలిగా నమ్మించాలని అతడు పూనుకుంటాడు. ఆ తరువాత కథను నడిపేది ఒకరి కంట ఒకరు పడకుండా తెరిచే, మూసే తలుపులే.

ఇది రంగస్థలం నుంచి వచ్చిన కథ కనుక పెద్ద సెట్లు అక్కరలేదు. 1948 నాటి సినిమా చట్టం కింద వచ్చిన ఉత్తర్వు, బ్రిటన్ సినిమా హాళ్లు ప్రదర్శించే ప్రధాన చిత్రాలలో 45 శాతం, వాటితో పాటు వేసే అనుబంధ చిత్రాలలో 25 శాతం బ్రిటిష్‌వే ఉండాలని నిర్దేశించింది. మొదటి వాటా 1950కి 30 శాతానికి తగ్గినా, చవకగా తీసే స్వదేశీ చిత్రాలకు గిరాకీ నిలిచే ఉంది.

అయితే ఇంత చిన్న అపార్థానికి అంత కంగారు ఎందుకు? 1937 వరకు ఇంగ్లండులో విడాకులకు వ్యభిచారమే ప్రధాన కారణం. ఆ ఏడాది క్రూరత్వం, పరిత్యాగం, నయం కాని మతిభ్రమణం వంటివి చేరాయి. అయినా వ్యభిచారానికి రుజువుగా హోటల్ బిల్లు, పనిమనిషి సాక్ష్యం కోర్టులో పనిచేస్తూనే ఉండేవి. దంపతులిద్దరూ ముందే కూడబలుక్కున్నారని తేలితే మాత్రం, అది కుమ్మక్కు అని కోర్టు విడాకులు నిరాకరించేది! అందుకే విడిపోదలచినవారు గుట్టుగా బూటకపు వ్యభిచారం నటించేవారు. ఏ తప్పూ చేయనివాడు పైజామాతో పరాయి గదిలో కనబడితే చిక్కుల్లో పడేవాడు. పైగా కోర్టు ముందుగా ఇచ్చే తాత్కాలిక విడాకుల డిక్రీ అంతిమ డిక్రీగా మారేందుకు వ్యవధి ఉండేది; 1946లో దానిని ఆరు నెలల నుంచి ఆరు వారాలకు కుదించారు. విడాకులు పూర్తయ్యాయా లేదా అన్న సందేహం ఆనాటి ప్రేక్షకుడికి కొత్తేమీ కాదు.

ఈ చిత్రంలో నటనంతా టామ్లిన్సన్ తడబాటుదే. చట్టం చదివినవాడే అందరికంటే ఎక్కువగా బిక్కచచ్చిపోవడం చక్కని వ్యంగ్యం. కొత్త భార్యకు మాత్రం రచయిత అన్యాయం చేశాడు: ఒక్క సూటి ప్రశ్నతో తేలిపోయే రహస్యాన్ని కాపాడడం కోసం ఆమెను అడుగడుగునా అమాయకురాలిని చేశాడు.