లెక్కలకు భయపడి సైకాలజీలో చేరితే...

నేను సైకాలజీ తీసుకున్నదే లెక్కల పీడ వదులుతుందని. కౌన్సెలింగ్ చేద్దామనుకున్నాను. పీజీ మొదటి సెమిస్టర్‌లోనే రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్ ఎదురొచ్చాయి. పాత ప్రశ్నపత్రాలు చూసి టి-టెస్ట్ (రెండు సగటుల మధ్య తేడాను పరీక్షించే లెక్క) ఫార్ములాలు బట్టీపట్టాం. "ఇది చాలా ముఖ్యం" అని మేడమ్ ఎన్నిసార్లు చెప్పినా మాకెక్కలేదు. ముఖ్యమని చెబితే ఆసక్తి పుడుతుందా?

కాస్త కదలిక తెచ్చింది స్ట్రూప్ ప్రయోగం. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించినదే. 'ఎరుపు' అన్న మాట ఆకుపచ్చ సిరాతో ఉంటుంది. మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి. హాస్టల్ అమ్మాయిల్ని కూర్చోబెట్టి స్టాప్‌వాచ్ నొక్కాం. వట్టి రంగు గళ్లకు గడగడా చెప్పినవాళ్లంతా మాటల దగ్గర తడబడ్డారు.

ఆ రోజుల్లోనే ఒక సీనియర్ అక్క 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ చూపించింది. 100 సైకాలజీ అధ్యయనాల్ని మళ్లీ చేసి చూశారట. మొదట 97 శాతం అధ్యయనాల్లో ఫలితం సిగ్నిఫికెంట్‌గా (వట్టి యాదృచ్ఛికమైతే అరుదుగా వచ్చేంతగా) వస్తే, రెండోసారి 36 శాతంలోనే వచ్చింది. నాకు ఒళ్లు మండింది. మరి మేం నేర్చుకుంటున్నదేమిటి? గుప్పెడు మందితో మా ప్రయోగం ఎలా నిలబడింది?

మేడమ్‌నే అడిగితే ఇలా చెప్పారు. స్ట్రూప్‌లో తేడా పెద్దది. పైగా ఒకే మనిషిని రెండు విధాలా కొలుస్తాం కాబట్టి, నెమ్మదిగా మాట్లాడేవాళ్లు, వేగంగా మాట్లాడేవాళ్లు అన్న గొడవ ఉండదు. వేర్వేరు గుంపుల్లో చిన్న తేడాను పట్టాలంటే చాలామంది కావాలి. ఒకే మనుషుల రెండు కొలతల్ని పోల్చే పెయిర్డ్ టి-టెస్ట్ వేరుగా ఎందుకుందో అప్పుడు తలకెక్కింది. అప్పటిదాకా అది నాకు ఇంకో ఫార్ములా, అంతే.

డిసర్టేషన్‌కి ఫోను వాడకానికీ నిద్రకీ ఉన్న సంబంధం తీసుకున్నాను. ఫారాలు నింపించడం ఓ ప్రహసనం. "పడుకోగానే నిద్రపడుతుంది", "చాలాసేపు నిద్రపట్టదు" రెండింటికీ 'పూర్తిగా అంగీకరిస్తాను' కొట్టిన మహానుభావులున్నారు. ఇలాంటివాళ్లు దొరకాలనే తిరగేసిన ప్రశ్నలు పెడతారు. ఎవరి ఫారాలు తీసేయాలో డేటా చూడకముందే రాసిపెట్టమన్నారు మా గైడ్.

చివరికి పి-విలువ (అసలు సంబంధమే లేకపోతే ఇంత లేదా ఇంతకన్నా పెద్ద ఫలితం వచ్చే అవకాశం) 0.05 దాటింది, అంటే సిగ్నిఫికెంట్ కాలేదు. నలుగురైదుగురిని తీసేస్తే లోపలికొస్తుందని స్నేహితులు సలహా ఇచ్చారు. ఆ గీత స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త ఫిషర్ సౌకర్యంగా ఉంటుందని ఎంచుకున్నదేగానీ దైవవాక్కు కాదు, ఉన్నదున్నట్టే రాశాను. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "సంబంధం లేదని తేలిందన్నమాట" అన్నారు. "లేదని తేలలేదు సార్, ఈ శాంపిల్‌లో దొరకలేదు" అన్నాను. ఆయన తరువాతి పేజీ తిప్పారు.